సుర్మా మా ఉప్పు తిన్నది

ఇలా దగ్గరికి జరుగు షాహీన్, ఆ ఫోను బోర్లా పెట్టు. మీ అక్క సుమేరా ఆటకు కూర్చోవడం ఎందుకు మానేసిందో నీకు తలా ఒక మాట చెప్పి ఉంటారు. ఉన్నది ఉన్నట్టు నేను చెబుతాను, విను.

శుక్రవారం నమాజు అయ్యాక మీ పెద్దనాన్న కొడుకు మజర్, వాడి దోస్తు హరికృష్ణ, మన సుమేరా ముందుగదిలో చాప వేసుకుని ఆడతారు కదా, ఆ ఆటకు గవ్వలూ లేవు, గళ్ళూ లేవు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. కొట్లాట వస్తే పాచిక వేస్తారు. కథ నడిపేది మజర్. వాడి దగ్గరొక లావు పుస్తకం. అందులో డ్రాగన్లు, అంటే రెక్కలున్న పెద్ద పాములనుకో, రకాలవారీగా ఉంటాయి. ఎర్రది నిప్పు కక్కుతుంది, తెల్లది మంచు ఊదుతుంది, నీలిది పిడుగు వేస్తుంది, పచ్చది విషపు పొగ వదులుతుంది, నల్లది తేజాబ్, అదే యాసిడ్, ఉమ్ముతుంది. ఇవన్నీ పుట్టుకతోనే దుర్మార్గపువట. బంగారుది, వెండిది, రాగిది, ఇత్తడిది, కంచుది పుట్టుకతోనే మంచివట. బంగారానికి మంచితనం ఎక్కడిదమ్మా? మెడలో గొలుసు కోసం మనుషుల్ని తోసేసినవాళ్ళను చూశాను. మట్టికుండ కోసం ఎవరూ ఎవరినీ తోయలేదు.

ఆ కథలో సుమేరాకు బురదలో ఒక నల్ల గుడ్డు దొరికింది. పొదిగించి పెంచుకుంది. కంటికి పెట్టుకునే సుర్మా ఉంటుంది కదా, ఆ పేరే పెట్టింది. వారం వారం ‘దానికి ఆకలైతాంది’ అంటుంటే వంటింట్లో నాకు వినిపించేది. ఆకలి అన్న మాట చెవిన పడ్డాక మన ఇంట్లో ఊరుకుంటామా? చిన్న గిన్నెలో బగారన్నం తీసి, పైన చిటికెడు ఉప్పు వేసి, కిటికీ దగ్గర పెట్టేదాన్ని. పిల్లలు పడీ పడీ నవ్వారు. తిన్నది పిల్లో కాకో, నాకేం తెలుసు? కానీ ఖాళీ గిన్నె చూసి, సుర్మా తిన్నదని కథలో కలిపింది మాత్రం మజరే. అది గుర్తుపెట్టుకో.

ఒక శుక్రవారం చాయ్ తీసుకుని వెళ్ళేసరికి సుమేరా పాచికను పిడికిట్లో బిగించుకుని కూర్చుంది. వేయదు, వదలదు. కథలో గేటు వేసిన దొడ్లో సుర్మా బస్సంత అయిందట. ఇప్పుడే చంపాలట, అదీ పెంచిన చేతులతోనే. లేకపోతే ఊరి మీద పడుతుందట.

“ఏం చేసిందిరా అది?” అన్నాను.

“ఏం చెయ్యలే దాదీ. చేస్తది. దాని జాతే గంత. బుక్కుల ఉన్నది,” అన్నాడు మజర్.

ఆ మాట నా గుండెలో దిగబడింది. మీ నాన్న గౌస్ పాషా హన్మకొండలో కిరాయి ఇల్లు వెతికిన రోజులు గుర్తొచ్చాయి. ఒకాయన గదులన్నీ చూపించాడు, నల్లా తిప్పి నీళ్ళు చూపించాడు, ఆఖరున పేరు అడిగాడు. పేరు విన్నాక వాళ్ళ చుట్టాలు వస్తున్నారని గుర్తొచ్చింది ఆయనకు. మేము ఆ ఇంట్లో ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదు. ఆయన దగ్గరా ఇలాంటి పుస్తకమే ఉండి ఉంటుంది.

“నువ్వు తాగే చాయ్ల పాలు నల్ల బర్రెవి. గది సుత నీ బుక్కుల చెడ్డదేనా?” అని అడిగాను.

హరికృష్ణ నవ్వాడు. వాళ్ళ అమ్మమ్మ ఉన్నా ఇదే అడిగేదన్నాడు. మజర్ నవ్వలేదు. ఆట అన్నాక రూలు ఉంటుందన్నాడు.

“రూలే మాట్లాడుదాం బిడ్డా. మా ఉప్పు తిన్నదని నువ్వే ఒప్పుకున్నవ్. ఉప్పు తిన్నది ఆ ఇంటి మీద పడదు. నీ బుక్కు కన్నా పాత రూల్ అది.”

వాడు సుమేరా వైపు తిరిగాడు. పాచిక వేస్తావా లేదా అని అడిగాడు. సుమేరా పాచికను మెల్లగా చాప మీద పెట్టేసింది.

“గేటు తీస్తాన భయ్యా. పో సుర్మా,” అంది.

అంతే, డ్రాగన్ ఎగిరిపోయింది. మజర్ ఏం చేశాడో తెలుసా? మరుసటి వారం, అది తిరిగొచ్చి ఊరంతా తేజాబ్ పోసిందన్నాడు. ఆ ఊళ్ళో సుమేరా ఆడే మనిషి కూడా చచ్చిపోయిందన్నాడు. చచ్చినవాళ్ళకు చాప మీద చోటు లేదు కదా. తిరిగి రావడం ఎవరు చూశారురా అని నిలదీస్తే, “కథ నడిపేటోన్ని నేను దాదీ” అన్నాడు. చూశావా, కథ చేతిలో ఉంటే చాలు, చేయని తప్పు కూడా చేసినట్టే అయిపోతుంది.

వాడికి అన్నం పెట్టడం మానలేదు, పెట్టినప్పుడల్లా ఎవరు చూశారురా అని అడగడమూ మానలేదు.

మజర్ తన కథ అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. నువ్వు మన కథ చెప్పు షాహీన్. సుర్మా మన ఉప్పు తిన్నది, గేటు తీస్తే మన పాలంపేట పొలాల మీదుగా ఎగిరిపోయింది, ఒక్క మనిషి మీద కూడా ఉమ్మలేదు అని చెప్పు. నువ్వు చూశావా అంటారు. అది తిన్న గిన్నె కడిగింది మా దాదీ అని చెప్పు.