మస్తాన్ వలీ కాచిన మడుగు

మూడో మోపు గడ్డి గట్టు మీద విదిలించేసరికి మస్తాన్ వలీ వేళ్లు చలికి కొంకర్లు పోయాయి. అరబ్బు ఎడారి ఊరు హాయిల్‌లో జనవరి అంటే మాటలు కాదు. సిమెంటు మడుగులోంచి నాలుగు మొద్దు మూతులు లేచాయి. కళ్లు, చెవులు, ముక్కు పైకి పెట్టి, పీపాల్లాంటి ఒళ్లు నీళ్లలో దాచుకునే కాపిబారాలు అవి. ఈ పొలం యజమానికి ఎవరో దక్షిణ అమెరికా నుంచి కానుకగా పంపారు.

ఆరేళ్ల కిందట అవి దిగిన రోజున పనివాళ్లంతా పందులనుకుని ఆమడ దూరం పోయారు. రాజంపేట నుంచి వచ్చి గడ్డి మోసే ఈ బక్కమనిషి ఒక్కడే దగ్గరికెళ్లి, నోరు తెరిపించి ముందుపళ్లు చూశాడు. ఎలుక పళ్లు. కాళ్లకు గిట్టలు లేవు, వేళ్ల మధ్య పొర ఉంది. పంది కాదు, ఎలుక జాతి అని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. పందుల్ని ముట్టుకున్నాడని ఆనాటి నుంచి భోజనాల దగ్గర అతని పళ్లెం వేరైంది. వేరుగానే తింటానన్నాడు. ఆ మొండితనం తప్ప అతని బతుకులో చెప్పుకోదగ్గదేమీ లేదు.

నెత్తి మీదుగా యుద్ధవిమానాలు వెళ్లాయి. కాపిబారాల్లో పెద్ద ఆడది కుక్కలా ఒక్క మొరుగు మొరిగింది. నాలుగూ బుడుంగున మునిగాయి. అవి తేలేదాకా అతను కదల్లేదు.

అప్పుడే పొలం ఇంజనీరు హేమసుందర్ జీపు దిగాడు. ఏలూరు మనిషి.

"యుద్ధం వచ్చి డీజిల్ మొత్తం మిలిటరీకే పోతోందయ్యా. బోరు మోటార్లు ఆపేశాం. కింద గోధుమ ఎండిపోతోంది. సాయంత్రానికి అడుగు తూము తీసి ఈ నీళ్లు చేలోకి వదిలెయ్. వీటిని షెడ్డులో పెట్టు."

"తియ్యను సార్. ఇప్పుడిడిస్తే మళ్లా నీళ్లు ఏడ్నుంచి వస్తాయి? తడి లేకుంటే తోలు పగుల్తాది. నీళ్లల్లో దిగకుంటే దొడ్డికి కూడా పోవు. కడుపుబ్బి చస్తాయి."

"పందుల కోసం పంట ఎండబెట్టమంటావా?"

"పందులు కాదు సార్. ఆరేండ్లుగా చెప్తాండా."

"తియ్యకపోతే ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తాను. మన యజమాని కఫీల్‌తో మాట్లాడేశాను."

ఊళ్లో భార్య మదార్బీ ముఖం మస్తాన్ వలీ కళ్ల ముందు మెదిలింది. అయినా తగ్గలేదు.

"కొట్టించండి సార్."

ఆ రోజు పని ఏదీ మానలేదు. గడ్డి కోశాడు, గొర్రెల దొడ్డి ఊడ్చాడు. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక అర బస్తా సిమెంటు భుజానేసుకుని మడుగు వెనక్కి వెళ్లాడు.

తూము తియ్యలేదని మర్నాడు పొద్దున అతన్ని ఎగ్జిట్ కోసం రియాద్ ఆఫీసుకు పంపేశారు. బస్సు దాకా దింపింది డ్రైవర్ ఓబులయ్య. ఆరేళ్లుగా పక్కన కూర్చుని తినని మనిషే.

"గడ్డి నేనేస్తాలే మస్తానూ. దిగులుపడాకు."

"దూరం నుంచి ఇసిరెయ్యాకు అన్నా. దగ్గర పెట్టు. కరవవు."

ఓబులయ్య తలూపాడు. బస్సు కదిలింది.

అదే వేళకు హేమసుందర్ పానా పట్టుకుని మడుగు వెనక్కి దిగాడు. తూము నోరు నిండా సిమెంటు, రాయిలా బిగుసుకుపోయింది. నీళ్లు తోడాలంటే మోటారు కావాలి, మోటారుకు డీజిల్ కావాలి. పైన నాలుగు మూతులు నీళ్ల మీద తేలి తీరిగ్గా చూస్తున్నాయి. సిమెంటులోంచి మస్తాన్ వలీ ఆకుపచ్చ గళ్ల లుంగీ అంచు జానెడు బయటికి వేలాడుతోంది.