తెగ తరఫు ముద్దాయి

ఉరిశిక్ష ఉండాలా, తీసెయ్యాలా అని జనాన్ని అడగడానికి రాజధాని మోర్స్‌బీ నుంచి పెద్దమనుషులు వచ్చిన రోజున, ఆరేళ్లుగా బొమాయితో మాట మానేసిన అతని మరదలు ముగువా దారికి అడ్డంగా వచ్చి నిలబడింది.

బొమాయి గ్రామ న్యాయాధికారి. ఇత్తడి బిళ్ల తళతళలాడేలా తోమి కోటుకు తగిలించుకుని సంత మైదానానికి బయల్దేరాడు. పందుల తగవులు, పెళ్లాల తగవులు, కాఫీ తోటల హద్దుల తగవులు ఇరవై ఏళ్లుగా తీర్చిన మనిషి. తన ఇంటి తగవు జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు.

"అక్కడ ఏం చెబుతారు బావగారూ?" అంది ముగువా.

"తీసెయ్యమనే చెబుతా. ఇంకేం చెబుతాను? తెగంతా అదే చెబుతుంది. మన కౌపా బతకాలంటే..."

"తెగ గోల నాకొద్దు. మీరు నిజం చెప్పండి. నా కొడుకు ఆ రోజు ఊళ్లో లేడని చెప్పండి. ఒక్కసారి, మైకులో, అందరూ వినేట్టు."

"అది అలాంటివి చెప్పే చోటు కాదు ముగువా."

"మీకు ఏ చోటూ చోటు కాదు. కోర్టులో చెప్పమంటే ఇప్పుడు కాదన్నారు. తీర్పొచ్చాక చెప్పమంటే తొందరపడకన్నారు. వాడి మెడకి తాడు బిగించాక చెబుతారా?"

బొమాయి కోటు మీది బిళ్ల సర్దుకున్నాడు. ఆమె పక్కకు తప్పుకుంది కానీ ఇంటికి పోలేదు. పదడుగుల వెనక నడుస్తూ మైదానం దాకా వచ్చింది.

జరిగింది చెప్పుకోవాలంటే సిగ్గుచేటు. బొమాయి తమ్ముడు, అంటే ముగువా మొగుడు, కడుపునొప్పితో మూడు రోజుల్లో పోయాడు. మనిషన్నవాడు ఊరికే పోతాడా? ఎవరో ఏదో చేసి ఉండాలి! పక్క గుడిసెలో ఉండే మార్తా అనే విధవరాలు చేతబడి చేసి అతని గుండె తినేసిందన్నారు. ఆవిడకు అడ్డం వచ్చే మగదిక్కు ఆ ఊళ్లో లేదు. మంత్రగత్తె కావడానికి ఉండాల్సిన మొదటి అర్హత అదే. శవం ఇంకా ఇంట్లో ఉండగానే పదకొండు మంది ఆమెను కట్టేసి, నిప్పు పెట్టి చంపారు. అందులో బొమాయి కొడుకు కెరెంగా ఒకడు. బొమాయి చెయ్యి వెయ్యలేదు. కంచె దగ్గర నిలబడి చూశాడు, బిళ్లతో సహా.

ముగువా కొడుకు కౌపా అప్పుడు గొరోకా పట్నంలో కాఫీ బస్తాలు కుడుతున్నాడు. తండ్రి పోయాడన్న కబురు అంది, బండి పట్టుకుని మర్నాడు మధ్యాహ్నానికి చేరాడు. అప్పటికే అంతా అయిపోయింది. పోలీసులు వస్తున్నారని ఊళ్లో గుసగుసలు.

ఆ కొండల్లో ఒకడు చేసిన పని ఒకడిది కాదు, తెగది. చంపిన తెగ పందులు ఇస్తుంది, చచ్చిన తెగ పుచ్చుకుంటుంది, దాంతో సరి. ప్రభుత్వం కూడా ఒక తెగే అనుకుంటే పోయె. దానికి పందులు వద్దు, ఒక మనిషి కావాలి. ఇస్తారు. వెనకటి పోట్లాటల్లో అలాగే ఒకణ్ని ఇచ్చారు. వాడు మూడేళ్లు జైలు కూడు తిని, కాస్త ఒళ్లు చేసి తిరిగొస్తే తెగే పందులు పెట్టి పెళ్లి చేసింది. ఇప్పుడు ఎవరిని ఇవ్వాలన్నదే ప్రశ్న. పోలీసులతో ఇంగ్లీషులో మాట్లాడగలిగినవాడు, పెళ్లాం పిల్లలు లేనివాడు అయితే మంచిదన్నారు. అలాంటివాళ్లు ఇద్దరే తేలారు. ఒకడు కెరెంగా, ఒకడు కౌపా.

"కౌపా అయితే బాగుంటుంది. చచ్చింది వాడి తండ్రి కదా, పోలీసులు నమ్ముతారు" అన్నాడు బొమాయి. ఆ పేరు మొదట పలికింది అతని నోరే. ఆ నోరే అంతకు ఆరు నెలల ముందు న్యాయాధికారుల సమావేశంలో ప్రభుత్వం పెట్టిన భోజనం తినొచ్చింది. చేతబడి సాకు ఇకమీదట చెల్లదు, చంపినవాళ్లకు ఉరే అని అక్కడ చెప్పారు. బొమాయి విన్నాడు. ప్రభుత్వం రోడ్డేస్తానని కూడా చెబుతుందిలే అనుకుని నవ్వుకున్నాడు.

కౌపా ఎదురు చెప్పలేదు. "నాన్న కోసమే కదా పెదనాన్నా" అన్నాడు. జడ్జి ముందు నిలబడి, నేనే చేశానని మంచి ఇంగ్లీషులో చెప్పాడు. జడ్జి ఉరి అన్నాడు. కౌపా వెనక్కి తిరిగి జనంలో పెదనాన్న ముఖం కోసం వెతికాడు. బొమాయి తల దించుకున్నాడు. ఆ సాయంత్రం పదకొండు మందీ కూర్చుని ప్రమాణం చేశారు: తాడు నిజంగా కౌపా దాకా వస్తే అందరం కలిసి పోయి ఒప్పేసుకుందాం అని.

మైదానంలో నీలం టార్పాలిన్ కింద మోర్స్‌బీ వాళ్లు కూర్చున్నారు. ముందు పాస్టరు లేచి ప్రాణం ఇచ్చినవాడే తీసుకోవాలన్నాడు. కాఫీ గింజలు కొనే షావుకారు లేచి, "హంతకుల్ని కూర్చోబెట్టి మేపడానికా మన పన్నులు?" అన్నాడు. "నువ్వు పన్నెప్పుడు కట్టావురా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. అప్పుడు నొంబ్రి లేచాడు. మార్తా తమ్ముడు.

"మా అక్క పారిపోకుండా ముందు కాళ్లు కాల్చారు" అన్నాడు. "వీళ్లు పందులు ఇచ్చారు. మా వాళ్లు తీసుకున్నారు. నేనూ తిన్నా. ఆ ముద్ద ఇప్పటికీ గొంతు దిగలా. ఉరి ఉండాల్సిందే. ఒక్కడికి కాదు, అందరికీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాత బొమాయి పేరు పిలిచారు. అతను మైకు పట్టుకుని, తీసెయ్యాలి అన్నాడు. తెగవాళ్లు చప్పట్లు కొట్టారు. కూర్చోబోతూ చూస్తే, జనం చివర ముగువా నిలబడి ఉంది. కన్ను ఆర్పకుండా చూస్తోంది. బొమాయి మళ్లీ మైకు అందుకున్నాడు.

"ఇంకో మాట. ఉరి పడిన కౌపా నా తమ్ముడి కొడుకు. వాడు ఏ తప్పూ చెయ్యలేదు. ఆ రోజు ఊళ్లోనే లేడు. చేసినవాళ్లు పదకొండు మంది, అందులో నా కొడుకున్నాడు. నా వాణ్ని దాచుకోడానికి వాణ్ని పంపింది నేను."

ఆకాశం విరిగి పడుతుందనుకున్నాడు. ఎక్కడో పిల్లాడు ఏడ్చాడు. అధ్యక్షురాలు పక్కాయనతో ఏదో మాట్లాడి, చాలా మర్యాదగా, "అయ్యా, విడివిడి కేసులు వినే అధికారం మాకు లేదండీ. చట్టం ఉండాలా వద్దా అన్నంతవరకే మా పని. మీరు తీసెయ్యాలనే అన్నారు కదా?" అంది.

"అవునండీ."

గుమాస్తా రాసుకున్నాడు. తర్వాతి పేరు పిలిచారు. టార్పాలిన్ పక్కనే ఉన్న పోలీసు పల్లీలు ఒలుచుకుంటూనే ఉన్నాడు.

బయటికి వస్తుంటే నొంబ్రి ఎదురొచ్చాడు. కొడతాడేమో, కొడితే బాగుండు అనుకున్నాడు బొమాయి.

"ఇదా ఇన్నేళ్లు నువ్వు దాచింది?" అన్నాడు నొంబ్రి. "మీ కౌపా ఎక్కొచ్చిన బండి మా బావమరిదిదయ్యా. ఎప్పుడు దిగాడో మాకు తెలీదూ? లోయ లోయంతా తెలుసు."

"మరి కోర్టులో ఎందుకు చెప్పలేదు?"

"పందులు తిన్నాం కదా! తిన్నాక నోరు విప్పకూడదు. ఎన్ని తగవుల్లో నువ్వు ఇదే తీర్పివ్వలా?"

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక్కడ పృథివంతా ముందే తెలిసి కూర్చుంది, పెదవే మిగిలింది. బొమాయి కంచె పట్టుకున్నాడు. ఆరేళ్లుగా తన గుండెల మీద మోసిన బండరాయి ఎవరికీ అక్కర్లేని రాయి.

ముగువా వదల్లేదు. సోమవారం అతన్ని పట్నంలో ప్రభుత్వ వకీలు దగ్గరికి లాక్కుపోయింది. వకీలు కుర్రవాడు, మంచివాడు. "మీరొక్కరు చెబితే చాలదు పెద్దాయనా. చేసినవాళ్లు పదకొండు మందీ ఒప్పుకుని సంతకాలు పెడితే, గడువు దాటినా పై కోర్టు వింటుంది. ఉరి కేసు కదా, ఫైలు పక్కన పడెయ్యరు" అన్నాడు. కింద పదకొండు గీతలు గీసి కాగితం ఇచ్చాడు. సాక్షి చోట బొమాయి అక్కడే సంతకం పెట్టాడు.

పదకొండు మందిలో ఒక్కడూ కాదనలేదు. ప్రమాణం చేశాంగా, పెడతాం అన్నారు. కాఫీ కోతలు కానీ అన్నారు. కోతలయ్యాక క్రిస్మస్ వెళ్లనీ అన్నారు. క్రిస్మస్ వెళ్లింది. జనవరిలో ఒకరోజు, దేశంలో ఉరిశిక్ష తీసేశారని రేడియో చెప్పింది. ఉరి పడినవాళ్లందరికీ అది జీవితకాలం జైలుగా మారుతుందట.

ఊరు ఊరంతా గెంతింది. గోతిలో రాళ్లు కాల్చి, ఆకులు పరిచి, ఆరు పందులూ చిలగడదుంపలూ పూడ్చి ఉడికించారు. మన బిడ్డ బతికాడు, తెగ నిలబడింది అన్నారు. కెరెంగా ముఖానికి రంగు పూసుకుని ఆడాడు. ముగువా గుమ్మంలోంచి బయటికి రాలేదు. ఆమెకని పంపిన మాంసం ఆకులోనే చల్లారింది.

బొమాయి కాగితం పట్టుకుని గడపగడపకూ తిరిగాడు.

"ఇంకెందుకు పెద్దాయనా? వాడు బతికాడుగా" అన్నాడొకడు.

"బతికాడు. జైల్లో. ముసలాడయ్యేదాకా."

"బతికుంటే బలుసాకు తినొచ్చు" అన్నాడు వాడు, పళ్లలో ఇరుక్కున్న మాంసం పీచు లాక్కుంటూ.

అందరూ ఏరు దాటి తెప్ప తగలేశారు. ఒకడు దడి వెనక్కి పోయి దాక్కున్నాడు. ఒకడు, ఇప్పుడు సంతకం పెడితే మేమూ జీవితమంతా లోపలే కదా అని నిజమే చెప్పాడు. అందరి తర్వాత కొడుకు ఇంటికి వెళ్లాడు. కెరెంగా ఒళ్లో చంటిది నిద్రపోతోంది.

"తాడు వస్తే వస్తానన్నా నాన్నా. రాలేదుగా" అన్నాడు.

"ఆ రోజు కౌపాని పంపినట్టే నిన్ను పంపి ఉంటే?"

"పంపలేదుగా. ముగ్గురు పిల్లల తండ్రినయ్యా. ఎవరి పుణ్యం? నీదే."

బొమాయి ఆ పసిదాని నుదురు నిమిరి బయటికొచ్చాడు. ఉరి తీసెయ్యమనడం తప్పని అతనికి ఈ రోజుకీ అనిపించదు. మనిషిని కట్టేసి చంపడం అతను కంచె దగ్గర నిలబడి చూశాడు. దాన్ని జడ్జి చేయించినా అదే పని. కానీ ఆ తాడు ఉన్నంతకాలం కౌపా పేరు ఊళ్లో ఎవరో ఒకరికి గుచ్చుకునేది. ఇప్పుడు అందరూ హాయిగా నిద్రపోతున్నారు. ఆఖరికి పోలీసు స్టేషనుకు పోయి, నన్నైనా లోపల వెయ్యండి అన్నాడు. రైటరు పైనుంచి కిందిదాకా చూసి, "కేసు ఎప్పుడో ముగిసింది తాతా. ముద్దాయి జైల్లోనే ఉన్నాడు. ఇంటికి పో" అన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక జైల్లో ఒకసారి ఫోను చేసుకోనిస్తారు. ఆ వేళకు బొమాయి ముగువా వాకిట్లోకి వెళ్లి కాగితం ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమెకు చదువు రాదు, కానీ గీతలు లెక్కపెట్టగలదు. వేలితో ఒక్కొక్కటీ తడుముకుంటూ పోయింది. పదకొండూ ఖాళీ. తనను తిడుతుందేమో అనుకున్నాడు బొమాయి. తిట్టలేదు. అంతలో ఫోను మోగింది. ఆమె అతనికి అందించింది.

"పెదనాన్నా, నన్ను మామూలు ఖైదీల్లోకి మార్చారు. గదికి కిటికీ ఉంది" అన్నాడు కౌపా. దగ్గుతున్నాడు. "ఎంతమంది పెట్టారు సంతకాలు?"

బొమాయి ముగువా వైపు చూశాడు. ఒక్కడూ పెట్టలేదురా అనడానికి నోరు తెరిచాడు.

"అందరూ పెట్టార్రా."

"కెరెంగా అన్నయ్య కూడానా?"

"వాడే ముందు పెట్టాడు."

అవతల కౌపా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. "నాకు తెలుసు పెదనాన్నా. మావాళ్లు నన్ను వదిలెయ్యరని ఇక్కడ అందరికీ చెబుతూనే ఉన్నా. అమ్మకివ్వు."

ముగువా ఫోను చెవికి ఆనించుకుంది.

"అమ్మా, నిజమేనా? నన్ను ఊరుకోబెట్టడానికి అనట్లేదు కదా పెదనాన్న? నువ్వు చూశావా కాగితం?"

ఆమె ఒళ్లోని కాగితాన్ని అరచేత్తో కప్పింది.

"చూశా నాన్నా. నేనే లెక్కపెట్టా. పదకొండూ ఉన్నాయి."