చేపలమ్మేవాళ్ళకు పచ్చిచేపల విందు

చేపలమ్ముకునే ఆడవాళ్ళను ఏటా బస్సెక్కించి, సముద్రం చూపించి, పచ్చిచేప ముక్కలు తినిపించి తీసుకొచ్చే ట్రావెల్ ఏజెంటు ప్రపంచం మొత్తమ్మీద ఒకర్తే ఉంటుంది. ఆవిడే మా చు మిరాన్. ఇంకా విడ్డూరమేమిటంటే, పద్దెనిమిదేళ్ళపాటు మేము కూడా నోరెత్తకుండా తిని, "అబ్బ, ఎంత బాగుందో!" అన్నాం. తెల్లవారకముందే లేచి వేలంపాటలో గొంతు చించుకుని, పొద్దుగూకేదాకా చేపల పొట్టలు చీల్చే మాకు ఏడాదికి ఒక్క విహారం. అందులోనూ చేపలే. ఎవరితో చెప్పుకుంటాం?

చెప్పుకోకపోవడానికి కారణముంది. సముద్రపొడ్డున ఉన్న పోహాంగ్ ఊరి చేపల బజారులో మాది తొమ్మిదిమంది ఆడవాళ్ళ జట్టు. మాకు పెద్దక్క దల్యే. డెబ్భై దాటినా ఆక్టోపస్‌ను ఒంటిచేత్తో లొంగదీస్తుంది. ఎక్కడ తినడానికి కూర్చున్నా ముందు పెద్దక్క చెప్పాలి. తర్వాత ఎనిమిది గొంతులూ "నాకూ అదే" అనాలి. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, కానీ దాటినవాళ్ళూ లేరు. నేను ఓక్రాన్‌ని, ఎండుచేపల కొట్టుదాన్ని. బజారులో నా నోటికి జడవనివాడు లేడు. అలాంటి నేను కూడా పెద్దక్క ముందు గుంపులో గోవిందే.

ఈ ఏడు పంది ఎముకల పులుసు దొరికే హోటల్లో కూర్చుని విహారం మాటెత్తాం. మిరాన్ కూడా వచ్చింది. మా అందరిలోకీ చిన్నది బోరమ్, నత్తలూ ఆల్చిప్పలూ అమ్మే పిల్ల, గొంతు సవరించుకుంది.

"పెద్దక్కా, ఈసారి నేను రాలేను."

"ఏం, కడుపుతో ఉన్నావా?" అన్నాను నేను.

"నలభై దాటాక ఏం కడుపులే అక్కా! బస్సులో ఆ పాటలు, ఆ గంతులు, ఆ పరుగులు... తిరిగొచ్చాక నడుం పట్టేసి వారం లేవలేకపోతున్నా. ఎక్కడికైనా వెళ్ళాలంటే ఫోన్లో చూసుకుని నేనే పోతా."

ఆ ఒక్క మాటతో కట్ట తెగింది. ఒకామెకు మోకాళ్ళు, ఇంకొకామెకు కోడలి పురుడు, మరొకామెకు బస్సు వాసన. పెద్దక్క మొహం చిన్నబోయింది. కాసేపటికి, "సరే, ఇష్టం లేని కాపురం ఎందుకు? ఇదొక్కసారి వెళ్ళొచ్చి జట్టు రద్దు చేసుకుందాం. ఆ మాట అక్కడే చెప్పుకుందాం" అంది. ఎవరూ కాదనలేదు.

నేను మిరాన్ వైపు చూశాను. పాపం, గరిట పట్టుకుని అలాగే ఉండిపోయింది. మందుల దుకాణం మీద మేడలో ఆవిడ ఆఫీసు. పాఠశాలల జట్లు పోయాయి, పెళ్ళి జంటలు పోయాయి, చర్చి జట్టు పోయింది. అందరూ ఫోన్లో చూసుకుని ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. మిగిలిన పెద్ద జట్టు మాదొక్కటే. మేము పోతే ఆవిడ బోర్డు దించుకుని, బావగారి కోడిమాంసం వేపుళ్ళ కొట్లో గిన్నెలు తోమాల్సిందే. బావగారు అప్పటికే పిలిచారు కూడా.

అయినా ఆవిడ బతిమాలలేదు. తగ్గింపులూ, బహుమతులూ ఏమీ అనలేదు. మమ్మల్ని చూస్తూ కూర్చుంది. పెద్దక్క ముందు పులుసు, మా అందరి ముందూ పులుసే. బోరమ్ సగం కూడా తినలేదు. మర్నాడు మిరాన్ ఏదో పని మీద బజారుకొచ్చినప్పుడు, అదే బోరమ్ కొట్టు వెనక కూర్చుని ఎర్రటి కారం నూడుల్స్ లొట్టలేసుకుంటూ తింటోందట.

"ఓక్రానక్కా, మిమ్మల్నందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే ఒక్క నోరే పలుకుతుంది" అంది మిరాన్ నాతో. "నేను ఇన్నేళ్ళూ ఆ ఒక్క నోటికే బస్సు కట్టాను."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు అడిగావు కదే, మేమే చెప్పలేదు."

"అడగాల్సినచోట అడగలేదక్కా."

ఆ తర్వాత మొదలుపెట్టింది. రబ్బరు బూట్లు, రబ్బరు ముందుగుడ్డ వేసుకుని, పొద్దున్నే బజారుకొచ్చి, రోజుకొకరి పక్కన బకెట్టు బోర్లించుకుని కూర్చునేది. ప్రశ్నలు వేయలేదు. చేపలు కోసేది. అయ్యో రామా, ఆ కోయడం చూడాలి! ఆవిడ చీల్చిన చేపను పిల్లి కూడా ముట్టదు. "ఒసేయ్ మిరాన్, నీ చేతిలో పడటం కంటే దానికి సముద్రంలో సొరచేప నోరే నయం" అని నేనంటే బజారంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. రెండు చేతులకూ గుడ్డపీలికలు కట్టుకుని మర్నాడు మళ్ళీ వచ్చింది.

చేతులు పనిలో ఉంటే నోరు తనంతట తనే విప్పుకుంటుంది. బోరమ్‌కు ఒక పూట ఒక్కతే నడవాలని ఉందట, వెనకాల ఎవరూ రాకుండా. మా జట్టులోని గ్యేసున్‌కు మాత్రం గంతులే కావాలట, బస్సులో కాదు, చదును నేల మీద. నన్నడిగినప్పుడు మొదట కసురుకున్నాను. తర్వాత నా నోటమ్మటే వచ్చేసింది: "ఒక్కరోజు ఎవరూ నన్ను 'ఇదెంత?' అని అడక్కూడదు. అంతే." ఆ కోరిక నాలో ఉందని నాకే తెలియదు.

చివర్న పెద్దక్క దగ్గర కూర్చుంది. నా కొట్టు పక్కనే కాబట్టి అంతా విన్నాను.

"నాకేం కావాలే? ఎప్పటిలాగే సముద్రం, పచ్చిచేపలు. మన జట్టు పిల్లలకు అదే ఇష్టం" అంది పెద్దక్క.

మిరాన్ ఆక్టోపస్‌ను ఉప్పేసి రుద్దుతూ కూర్చుంది. అది ఆవిడ మోచేతికి చుట్టుకుంది. విడదీసుకోవడం రాక నానా తంటాలు పడుతుంటే పెద్దక్క ఫక్కున నవ్వి, తనే విడదీసింది. కాసేపటికి గొంతు తగ్గించి, "నిజం చెప్పనా? నేను ఇంట్లో పచ్చిచేప ముట్టను" అంది.

మిరాన్ చెయ్యి ఆగిపోయింది. "మరి ప్రతి ఏడూ మీరే కదా చెప్పేది!"

"నువ్వు ఆఫీసు తెరిచిన మొదటి ఏడు గుర్తుందా? ఆ పళ్ళెం మా ముందు పెట్టించి, దీపం వెలిగినట్టు వెలిగిపోయావు. ఇంత సరదా పడి పెట్టిస్తే వద్దని ఎలా అంటాను? బాగుందన్నాను. మరుసటి ఏడు నువ్వు మళ్ళీ అదే పెట్టించావు."

"పెద్దక్కా! నేను బోంగ్హ్వా కొండల్లో పుట్టినదాన్ని. మా ఊరికి ఉప్పుచేప తప్ప ఇంకోటి వచ్చేది కాదు. ఇరవయ్యేళ్ళు వచ్చాక మొదటిసారి పచ్చిచేప తిన్నా. ఇంతకంటే గొప్ప తిండి ఇంకోటి ఉండదనుకున్నా. అందుకే మీకు..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పద్దెనిమిదేళ్ళు! ఆవిడ కోసం ఈవిడా, ఈవిడ కోసం ఆవిడా, మధ్యలో మేమూ! మొహమాటం ఇంత పనిచేస్తుందని ఎవరనుకుంటారు? నాకు ఒళ్ళు మండింది. లేచి అరుద్దామనుకున్నాను. కానీ పెద్దక్క తలవంచుకుని ఇంకో మాట అంది.

"నాకు తెల్లారిన తర్వాత లేవాలని ఉందే. పెళ్ళయిన దగ్గర్నుంచీ సూర్యుడు నాకంటే ముందు లేచిన రోజు లేదు. ఇందుకు విహారం కావాలని ఈ వయసులో నలుగురిలో ఎలా అడగను?"

మిరాన్ కన్నీళ్ళు ఉప్పు చేతులతో తుడుచుకుని కళ్ళు మండి, "అమ్మో, అమ్మో" అంటూ కుళాయి దగ్గరికి పరిగెత్తింది.

ఆ వసంతంలో బస్సు సముద్రం వైపు తిరగలేదు. బోంగ్హ్వా కొండలెక్కింది. పాటల్లేవు, మైకు లేదు, కిటికీలకు తెరలు దించేశారు. "నిద్రపోవడానికి బస్సెక్కించడమేంటే, శవాల్ని మోసుకెళ్తున్నట్టు!" అని నేను గొణిగాను. అలా గొణుగుతూనే ముందు నిద్రపోయిందీ, గురకపెట్టిందీ నేనేనని బోరమ్ ఇప్పటికీ దెప్పుతుంది.

అడవి అంచున పాత పెంకుటిల్లు. నేల కింద పొయ్యి రాజేసి గదులు వెచ్చగా ఉంచారు. బోరమ్ దేవదారు చెట్ల మధ్య ఒంటరిగా నడిచొచ్చింది. వెనక ఎవరూ పోలేదు. గ్యేసున్ కోసం మిరాన్ ధాన్యపు కొట్టం ఖాళీ చేయించి టేప్‌రికార్డర్ పెట్టించింది. ఇష్టమున్నవాళ్ళు వెళ్ళి గంతులేశారు, లేనివాళ్ళు వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క బస్సులో తొమ్మిది విహారాలు కట్టుకొచ్చింది మహాతల్లి! నన్ను ఎవరూ ఏదీ ఎంత అని అడగలేదు. ఇంటావిడ అమ్మడానికి తేనె సీసాలు బయట పెడితే, ధర అడిగే సందర్భం రాకుండా వాటిని కూడా మిరాన్ లోపల పెట్టించేసింది.

అలవాటు చచ్చినా పోదు కదా, నాకు చీకటి విచ్చుకోకముందే మెలకువ వచ్చింది. బయటికి వచ్చి చూస్తే, దూరంగా కొండదారిలో మిరాన్ కోటు లోపల ఏదో పెట్టుకుని గబగబా దిగిపోతోంది. దొంగలా ఉందే అనుకుని వెంటపడ్డాను. కోటులోంచి ఎర్రటి జుట్టు బయటికొచ్చింది. ఇంటావిడ కోడిపుంజు!

"ఏంటే ఇది?"

"ష్! అక్కా, మెల్లగా. ఇది కూసిందంటే పెద్దక్క లేస్తుంది."

"అయితే దాన్ని ఎక్కడికి మోసుకెళ్తున్నావే?"

"కూత వినపడనంత దూరం."

పుంజు ఆవిడ గడ్డం మీద పొడిచింది. ఆవిడ వదల్లేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. దారులు చూపించేవాళ్ళు, గదులు మాట్లాడిపెట్టేవాళ్ళు ఫోన్లో బోలెడుమంది. ఒక ముసలిదాని నిద్ర కోసం చలిలో కోడిని చంకన పెట్టుకుని కొండ దిగేది ఎవరు? మనిషంటే అదీ! నేనూ వెంట వెళ్ళాను, కాళ్ళు ఒకరం, రెక్కలు ఒకరం పట్టుకున్నాం.

మేం తిరిగొచ్చేసరికి వాకిలంతా ఎండ పరుచుకుంది. పెద్దక్క ఇంకా లేవలేదు. ఎనిమిదిమందిమీ గుమ్మం ముందు గుసగుసలాడుతూ కూర్చున్నాం. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. జుట్టు రేగిపోయి, చెంప మీద దిండు ముద్రతో నిలబడి, ఎండను చూసి, "అరే, నాకంటే ముందొచ్చేశాడే!" అంది. చిన్నపిల్లలా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం ఆకుకూరల అన్నం ముందు కూర్చున్నాం. రద్దు మాట తేల్చాల్సిన వేళ. అందరం అలవాటుగా పెద్దక్క వైపే చూశాం. మిరాన్ గిన్నెల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. పాలిపోయిన మొహం, పుంజు పొడిచిన గడ్డం.

"ఇవాళ నేను ముందు చెప్పను. చిన్నదానివి నువ్వు చెప్పవే, బోరమ్. నాకు నచ్చేది కాదు, నీకు నచ్చేది" అంది పెద్దక్క.

బోరమ్ అటూ ఇటూ చూసి, "రద్దు ఎందుకు పెద్దక్కా? వచ్చే ఏడు రెండు రాత్రులు ఉందాం, ఇక్కడే" అంది.

"మళ్ళీ ఇక్కడేనా? వేడినీటి బుగ్గలకు పోదాం" అని గ్యేసున్ అందుకుంది. "నీ మొహం, మంచు చూడాలి నేను!" అని ఇంకొకామె. "చలికాలం నా మోకాళ్ళు నువ్వు మోస్తావా?" అని మరొకామె. నేనూ గొంతు పెంచాను. మా జట్టు పుట్టాక ఒకరి మాటను ఒకరు కాదనడం అదే మొదలు. పెంకులెగిరిపోయేలా తిట్టుకున్నాం. మధ్యలో పెద్దక్క చెయ్యెత్తి, "ఎక్కడికైనా పోదాం గానీ, నన్ను మాత్రం లేపొద్దు" అని అన్నం కలుపుకుంది. రద్దు సంగతి ఎవరికీ గుర్తులేదు.

మిరాన్ పళ్ళెం కింద పెట్టి వాకిట్లోకి వెళ్ళింది. ఏమైందోనని వెళ్ళి చూశాను. అటు తిరిగి, ఫోను చెవికి గట్టిగా అదిమి పట్టుకుని మాట్లాడుతోంది.

"బావగారూ, ఆ గిన్నెల పని... నాకోసం ఆపొద్దండీ. ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి." ముక్కు ఎగబీల్చింది. "లేదండీ, బాగానే ఉన్నా. లోపల మా వాళ్ళు కొట్టుకు చస్తున్నారు, నేను వెళ్ళాలి."