ఆరేదాకా

"ఆ నూగు ఒక్కపూట తియ్యకపోతే కొంపలేం అంటుకోవులే, ముందు టీ పట్రా," అని హాల్లోంచి కేకేశాడు నా మొగుడు. నేను బట్టలారబెట్టే డ్రయ్యర్ ముందు గొంతుక్కూర్చుని దాని జాలీకి అంటుకున్న బట్టల నూగును వేలితో చుట్టి తీస్తున్నాను. కొంపలు అంటుకోవని చెప్పిన ఆ మనిషి ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. నిప్పు ఎలా పుడుతుందో, పుడితే ఏం చెయ్యాలో కార్మికులకి పాఠాలు చెబుతాడు. ఆ పాఠాలు రాసేది, తప్పులు దిద్దేది, బొమ్మలు వెతికి కంప్యూటర్‌లో ఎక్కించేది నేను. ఎక్కిస్తూ ఎక్కిస్తూనే నేర్చుకున్నాను, నూగు జాలీలోనే కాదు, వెనక గొట్టంలోనూ పేరుకుంటుందని. బట్టలు ఆరడానికి రోజురోజుకీ ఎక్కువసేపు పడుతోందంటే వేడిగాలి పోయే దారి మూసుకుపోతోందని. మా గొట్టం మిషన్‌కీ గోడకీ మధ్య నలిగిపోయి ఉంది. మిషన్ జరపడం నా ఒక్కదాని వల్ల కాదు. "ఏమండీ, ఓ చెయ్యి వెయ్యండి, గోడ కూడా కాలిపోతోంది," అని ఎన్నిసార్లు అడిగానో. "వేడి మిషన్‌కి కాదు, నీకు," అనేవాడు, చుట్టాల ముందు కూడా. అందరూ నవ్వేవాళ్ళు. "రోజంతా మంటల గోలేగా వాడికి, ఇంట్లోనూ అదేనా అమ్మాయీ?" అని అత్తయ్య వంతపాడేది. నేనూ నవ్వేదాన్ని. పగంటే పళ్ళు కొరుక్కోవడమే అనుకుంటారు గానీ, మొదట్లో అది నవ్వులాగే ఉంటుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన బైక్ గొలుసు తుడిచి, ఆ నూనెగుడ్డలు ఉతికి, డ్రయ్యర్‌లో పడేసి స్విచ్ వేసి స్నేహితులతో బయటికి వెళ్ళిపోయాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు. నేను గిన్నెలు తోముతుంటే కమురు వాసన వచ్చింది. పరిగెత్తి వెళ్ళేసరికి మిషన్ వెనకనుంచి నల్లగా పొగ, గాజు తలుపు లోపల ఎర్రగా వెలుగు. పక్క గదిలో అత్తయ్య నిద్రపోతోంది. మిషన్ తలుపు తెరిస్తే గాలి తగిలి మంట ఎగుస్తుందని చేతులకే గుర్తున్నట్టుంది, అవి దాని జోలికి పోలేదు. కరెంటు మెయిన్ ఆపాను, ఆ గది తలుపు మూశాను, అత్తయ్యని లేపి దాదాపు మోసుకుంటూ వీధిలోకి తెచ్చాను. అప్పుడు ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశాను.

మంట ఆర్పాక ఫైర్ ఆఫీసరు లోపలినుంచి మసి ముద్దల్ని బయటికి లాగి, "ఇవెవరివమ్మా?" అన్నాడు.

"మా వారివండీ, బైక్ తుడిచినవి."

"నూనె ఉతికినా పూర్తిగా పోదమ్మా. వేడికి అదే రాజుకుంటుంది. ఆ గొట్టం చూడండి, నూగుతో పూడుకుపోయింది."

నా మొగుడు తిరిగొచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. నల్లబడిన గోడని చూసి ఆయనన్న మొదటి మాట, "జాలీ తుడవలేదు కదూ?" నేను అత్తయ్య వైపు చూశాను. పడుకోబోయే ముందు ఆవిడ ఆ గది గుమ్మంలోనే నిలబడింది, కొడుకు గుడ్డలు వెయ్యడం చూసింది. ఇప్పుడు మాత్రం గోడకేసి చూస్తూ ఊరుకుంది. మర్నాటికల్లా చుట్టాలందరికీ తెలిసిపోయింది, నా నిర్లక్ష్యం వల్ల ఇల్లు కాలబోయిందని.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఫ్యాక్టరీలో భద్రతా దినోత్సవం వచ్చింది, కుటుంబాలతో సహా అందరూ రావాలి. "ఈసారి మనింటి సంగతే చెబుతాను, జనానికి బాగా ఎక్కుతుంది. 'గృహిణి నిర్లక్ష్యం' అని పెట్టు హెడ్డింగు," అన్నాడు నాతోనే. ఒక్క అక్షరం తప్పు లేకుండా టైప్ చేసిచ్చాను. "ముఖ్య అతిథిగా ఎవర్నో ఒకర్ని నువ్వే పిలు, నాకు తీరిక లేదు," అన్నాడు. పిలిచాను.

ఆయన వేదిక మీద కాలిన మిషన్ ఫొటో చూపించి, "మా ఆవిడకి నా పాఠాలు తప్ప అన్నీ వినపడతాయి," అన్నాడు. హాలంతా నవ్వింది. తర్వాత ముఖ్య అతిథి మైకు దగ్గరికి వచ్చాడు. నేను మొదటి వరుసలో లేచి నిలబడ్డాను.

"సార్, ఆ రోజు మా ఇంటికొచ్చింది మీరే కదా. మిషన్‌లో ఏం దొరికిందో చెప్పండి, అందరికీ పనికొస్తుంది."

ఫైర్ ఆఫీసరు ఆ ఫొటోని, నన్ను, నా మొగుణ్ణి మార్చిమార్చి చూశాడు. ఆ తర్వాత ఏదీ దాచలేదు. బైక్ తుడిచిన నూనెగుడ్డల సంగతి చెప్పాడు, గొట్టం సంగతి చెప్పాడు. "ఈవిడ తలుపు తెరవకుండా, కరెంటు ఆపి, పెద్దావిడని బయటికి తేకపోయుంటే ఈ ఫొటోలో ఇల్లుండేది కాదు," అన్నాడు.

"బైక్ సారుదేగా!" అని వెనకనుంచి ఒక ఆడగొంతు. మళ్ళీ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. నా మొగుడి మొహం రంగులు మారుతుంటే తల తిప్పుకోకుండా, తీరిగ్గా, కడుపునిండా చూశాను.

ఇంటికొస్తూ కారులో, "నలుగురిలో నా పరువు తీసింది," అన్నాడు తల్లితో.

"గుడ్డలు వేసింది నువ్వేరా. నేను చూశాను," అంది అత్తయ్య మెల్లగా.

"ఆ రోజు అనాల్సిన మాట అత్తయ్యా," అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను ఓదార్చలేదు.

కొత్త మిషన్ వచ్చిన రోజు, తడిబట్టల బుట్ట నా ముందు పెట్టి, "యూనిఫాం రేపటికి ఆరాలి," అన్నాడు.

"మీదే కదా, మీరే వేసుకోండి."

చాలాసేపు మిషన్ చుట్టూ తిరిగి, చివరికి తలెత్తకుండా అడిగాడు, "దీనికి జాలీ ఎక్కడుంటుంది?"

చూపించాను. గొట్టం ఎలా విప్పాలో, ఎలా దులపాలో కూడా చూపించాను. మళ్ళీ చూపించనని చెప్పాను. ఆయన స్విచ్ వేసి, బైక్ తాళాలు తీసుకుని గుమ్మం వైపు నడిచాడు.

"ఆగండి. మిషన్ తిరుగుతున్నంతసేపూ ఇల్లు వదిలి వెళ్ళకూడదు."

ఆగాడు. నేను చెప్పులు వేసుకున్నాను.

"మరి నువ్వెక్కడికి?"

"ఆరేదాకా మీరున్నారుగా," అని తలుపు దగ్గరగా వేసి వీధిలోకి నడిచాను.