అమెరికా మజ్జిగ

వీరరాఘవమ్మ పెరట్లోకి ముంతలు రావడం మానేసి నెల దాటింది. ఆవిడ మొదట పట్టించుకోలేదు. మిరప చేను పండి, కోతకు మనుషులు దొరక్కపోయేసరికి గానీ ముంతలకూ కోతకూ ఉన్న లంకె ఆవిడ తలకెక్కలేదు.

రొంపిచెర్లలో పాలు అమ్మొచ్చు, నెయ్యి అమ్మొచ్చు. మజ్జిగ అమ్మడం మాత్రం తలవంపులు. అడిగినవాళ్లకు పోయాల్సిందే. పొద్దున కవ్వం చప్పుడు ఆగేసరికి ఊరవతల కూలీలుండే పాలెం ఆడవాళ్లు ముంతలతో వచ్చి పెరట్లో నిలబడేవారు. ఎవరింటి మజ్జిగ తాగితే వాళ్ల చేలో ముందు కోతకు దిగాలని ఎవరూ శాసనం చెయ్యలేదు. దిగేవారు, అంతే. కూలి ఎక్కడైనా ఒకటే, ఎవరి చేను ముందన్నదే తేడా. మిరపకు ఆ తేడా చాలు. అదనులో కోయకపోతే కాయ తెల్లబడి తాలయిపోతుంది.

మొగుడు పోయాక వీరరాఘవమ్మకు ఆ చేనొక్కటే ఆధారం. మజ్జిగ మాత్రం పుణ్యానికే పోస్తున్నానని ఆవిడ మనసారా నమ్మింది. మనిషి మంచిదే. కాకపోతే తన మంచితనం సంగతి తనకే కాస్త ఎక్కువ తెలుసు.

నాగార్జునసాగరుకు పునాది వేసిన రోజులవి. ఆవిడ మరిది కొడుకు శ్రీమన్నారాయణ నరసరావుపేటలో మేష్టరు, పేపరు చదివే మనిషి. ఆదివారం వచ్చి అసలు సంగతి చెప్పాడు.

"పాలెం చర్చి దగ్గర పాలపొడి పంచుతున్నారు పెద్దమ్మా. అమెరికాది."

"వాళ్లకేం పోయేకాలంరా, అంత దూరం నుంచి పాలు పంపడానికి?"

"అక్కడ పాలు మిగిలిపోతన్నాయి. అట్టాగే వదిలేస్తే ధర పడిపోద్ది. అందుకని సర్కారే కొని, పొడి చేసి ఓడలకెక్కిస్తంది. ఇప్పుడున్న ప్రెసిడెంటు పార్టీ, సర్కారు వ్యాపారంలో వేలు పెట్టకూడదనే పార్టీ. వచ్చీరాగానే పాలకిచ్చే మద్దతు ధర తగ్గించాడు కూడా. అయినా కొనకపోతే రైతులు ఊరుకోరుగా. ఓట్లు పోతయ్యి."

"మిగిలితే చిలికి పోయొచ్చుగా. ఆయన ఊళ్లో పాలెం లేదా?"

శ్రీమన్నారాయణ నవ్వాడు గానీ, ఆవిడ నవ్వలేదు. ప్రెసిడెంటు సంగతి ఆవిడకు ఇట్టే అర్థమైంది. పెద్ద రైతు. పాడి ఎక్కువ. పోస్తున్నాడు. ఎవరికి పోస్తే వాళ్లు ఆయన చేలోకి వస్తారు. ఇందులో చదువుకుని తెలుసుకోవాల్సింది ఏముంది?

అప్పుడు గుర్తొచ్చింది. కోత ముఠాను నడిపే హన్నమ్మ ఆఖరిసారి వచ్చింది మజ్జిగకు కాదు, తోడుకు. "పాలపొడి కలిపితే పిల్లలకి కడుపు ఆగటల్లేదమ్మగోరూ, తోడేసి చూద్దామని" అంది. వీరరాఘవమ్మ గరిటెడు గట్టి పెరుగే పెట్టి పంపింది. పొడిపాలలో వెన్న లేకపోతేనేం, మజ్జిగకు వెన్నతో పనేముంది? పెరుగు పేరుకుంది. మర్నాటి నుంచి పాలెంలో ఎవరి తోడు వాళ్లకుంది. తన కొంప తానే కూల్చుకున్నానని ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

ఎన్నడూ పాలెంలో అడుగుపెట్టని మనిషి ఆ సాయంత్రం చర్చి మెట్ల దాకా వెళ్లింది. హన్నమ్మ చేటలో జొన్నలు చెరుగుతూ లేచి నిలబడింది.

"ఏమే హన్నమ్మా, ఇన్నేళ్లు పోసిన చెయ్యి అప్పుడే చేదైందా? నా చేనొదిలేసి పాలెం పక్కనున్న బ్రహ్మానందం చేలో దిగుతారంటే!"

"మీ చేను వాగవతలుంది గదమ్మగోరూ. చంటిపిల్లల తల్లులు చీకటితో నడవలేకపోతన్నారు. ఈ ఏడు దగ్గర చేలు ముందు కోస్తన్నాం. మీ వంతొచ్చినాక మీదీ కోస్తాం."

వంతు! ఆ మాట వీరరాఘవమ్మ తన చేను గురించి ఎన్నడూ వినలేదు.

"ఆ అమెరికా దొర ఊరికే పోస్తన్నాడనుకుంటన్నావేమో. రేపు కోతకు రమ్మని కబురు పెడతాడు, చూస్కో."

"ఆయన కేకేస్తే మాకినపడదుగా" అంది హన్నమ్మ నెమ్మదిగా. "అందుకే ఆయన పాలు హాయిగా తాగుతన్నాం."

వీరరాఘవమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. కోపం వల్లే నిద్ర పట్టడం లేదని తనకు తాను చెప్పుకుంది. నిజానికి అది కోపం కాదు, భయం.

వంతు వచ్చేసరికి చేలో కొంత కాయ తెల్లబడనే తెల్లబడింది. ముఠా మాట తప్పకుండా దిగింది. మధ్యాహ్నానికి సగం సాళ్లయ్యాయి. ఆడవాళ్లు గట్టు మీద సంగటి మూటలు విప్పుకున్నారు. వీరరాఘవమ్మ ఇంటినుంచి తెచ్చిన మజ్జిగ కుండ ఎత్తి హన్నమ్మ దగ్గరికి వెళ్లింది. హన్నమ్మ గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"కూలి చాల్లే అమ్మగోరూ."

"ఊరికేనే, పుణ్యానికి పోస్తన్నా."

"అయితే రేపు మేం ఇంకొకరి చేలోకి పోయినా పోస్తారా?"

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగింది. గట్టు మీద ఆడవాళ్లంతా ముద్ద చేత్తో పట్టుకుని చూస్తున్నారు. 'పోస్తాను' అంటే అయిపోయేది. వీరరాఘవమ్మ నోరు తెరిచింది. ఎదురుగా కోయాల్సిన సగం చేను ఎర్రగా కనబడుతోంది. మాట బయటికి రాలేదు.

హన్నమ్మ కూడా ఆ చేను వంక చూసింది. గెలిచినట్టేమీ ముఖం పెట్టలేదు. గిన్నె మీద చెయ్యి తీసేసింది.

"పొయ్యండమ్మా, ఎండగా ఉంది. రేపు కూడా మీ చేలోకే వస్తాంలే."

వీరరాఘవమ్మ పోసింది. అడక్కుండానే హన్నమ్మే తనకు పుణ్యం పెట్టి పంపుతున్నట్టు అనిపించి, జీవితంలో మొదటిసారి మజ్జిగ పోస్తూ సిగ్గుపడింది.