పోలిక కోసం తీసిన రక్తం

మా తమ్ముణ్ణి తిట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న పని. వాడు ఒక్క మాటా చెవిన వేసుకునేవాడు కాదు గానీ, నా కూతురికి మాత్రం అదో వేడుక. వాడు గుమ్మంలో అడుగు పెడితే చాలు, పరుగెత్తుకొచ్చి నా పక్కన నిలబడేది.

“అమ్మా, మామయ్యను తిట్టు!”

“తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు” అని నేను మొదలుపెడితే చప్పట్లు కొట్టి, నా గొంతుతోనే మళ్లీ అప్పజెప్పేది. దానికి వసపిట్ట అని పేరు పెట్టింది కూడా వాడే.

వాడు జన్యువులు చదివే కేంద్రంలో పనిచేస్తాడు. జబ్బు మనిషి జన్యువుల్లో మార్పులు లక్షల్లో ఉంటాయట. అందులో జబ్బు తెచ్చినదేదో పట్టుకోవాలంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల జన్యువులతో పోల్చాలి. వాళ్లలోనూ తరచుగా కనబడే మార్పయితే, దానివల్ల హాని లేదని కంప్యూటరే తీసి పక్కన పడేస్తుంది. కానీ ఏ జబ్బూ లేనివాడు సూది గుచ్చుకోవడానికి ఎందుకొస్తాడు? మనుషులు చాలక, పైవాళ్లు తొందరపెడుతుంటే, వీడు చుట్టాల మీద పడ్డాడు. పెద్దమ్మ, బాబాయిలు, పిన్నులు, వాళ్ల పిల్లలు, నేను, మా ఆయన. మా ఆయన కూడా నాకు దూరపు చుట్టమే. అందరం వ్యాన్లో వెళ్లి వరసగా కూర్చుని చేతులు చాచాం.

“నా రక్తంలో టీ తప్ప ఇంకేం దొరకదురా” అన్నాడు చిన్న బాబాయి. నవ్వలేక చచ్చాం.

ఆ మరుసటేడు వసపిట్ట పిలిస్తే పలకడం మానేసింది. పొగరనుకున్నాను. “చెవుల్లో దూది పెట్టుకున్నావా?” అని కసిరాను కూడా. తర్వాత దాని చేతిలోంచి గ్లాసులు జారిపోవడం మొదలైంది. డాక్టరమ్మ చూసి, మామూలు పరీక్షలతో తేలేలా లేదు, జన్యువులు చదివించమంది. కారణం తెలిస్తే దీనికి తగిన మందు ఉండొచ్చంది.

“నేనున్నాగా అక్కా! పట్టేస్తాం” అన్నాడు తమ్ముడు. అప్పుడు నాకు వాణ్ణి చూస్తే కొండంత ధైర్యం.

ఏమీ దొరకలేదు. మళ్లీ వెతికాడు, దొరకలేదు. ఏడాది దాటేసరికి దానికి నా మాట ఒక్కటీ వినబడకుండా పోయింది. పలక మీద రాసి చూపిస్తే చదివేది. ఆపైన చేతులు భుజాల దాకా లేవడం మానేశాయి. నేనే అన్నం తినిపించేదాన్ని.

మొన్నొక మధ్యాహ్నం వాడు బూట్లు కూడా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వచ్చాడు.

“దొరికిందక్కా.”

“మందుందా?”

“ఉంది. మామూలు విటమినే. బాగా ఎక్కువ మోతాదులో వేయాలి.”

సంతోషంతో వాడి తల పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. వాడు కదల్లేదు.

“ఇలాంటి లక్షణాలే ఉన్న పిల్లల గురించి ఎక్కడో చదివి, ఆ జన్యువొక్కటే తీసి చూశానక్కా. నీ నుంచి ఒకటి, బావ నుంచి ఒకటి, దానికి రెండూ చెడ్డవే వచ్చాయి. మీ ఇద్దరికీ చెడ్డది ఒక్కొక్కటే గనక మీకేం కాలేదు.”

“మరి ఇన్నాళ్లూ నీ కంప్యూటరుకి ఎందుకు కనబడలేదురా?”

“కనబడింది. ఆరోగ్యవంతుల్లో చాలామందికి ఉందని అదే తీసి పడేసింది. ఆ చాలామంది ఎవరా అని చూస్తే అందరూ మనవాళ్లే. ఒకే కుటుంబం వాళ్లను వేరువేరు మనుషులుగా లెక్కించకూడదు. పరీక్ష చేసి చుట్టాల్ని ఏరెయ్యాలి. నేను చెయ్యలేదు. ఏరేస్తే సంఖ్య తగ్గిపోతుందని వదిలేశాను.”

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. ఇప్పటి నుంచీ జబ్బు ముదరకుండా ఈ మందు ఆపుతుందంది. వినికిడి సంగతేమిటని అడిగాను. మొదట్లోనే వేసుంటే నిలిచేదమ్మా, ఇంత ఆలస్యమయ్యాక తిరిగొస్తుందని ఆశ పెట్టలేను అంది. ఏ కొట్లో అడిగినా ఇచ్చే పసుప్పచ్చ బిళ్ల! రోజూ మందుల కొట్టు ముందు నుంచే కదా బడికి తీసుకెళ్లాను దాన్ని.

పిల్లకు మాత్రం పలక మీద “చెవులకు మందు” అని రాసి చూపించాం. అంతకుమించి రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

నిన్న మళ్లీ వచ్చాడు. దాని మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

“తిట్టక్కా. నీ కాళ్లు పట్టుకుంటాను, నన్ను తిట్టు. నువ్విలా ఊరుకుంటే బతకలేను.”

వాణ్ణి చంపేయాలనీ ఉంది, ఒళ్లోకి తీసుకోవాలనీ ఉంది. “ఎంత పని చేశావురా” అని మాత్రం గొణిగాను.

నా పెదాలు కదలడం వసపిట్ట చూసింది. మామయ్యనూ చూసింది. ఎన్నాళ్లకో దాని మొహం విచ్చుకుంది.

“గట్టిగా తిట్టమ్మా” అంది. “నాకింకా వినబడట్లేదు.”

తిట్టాను. తిండికి తిమ్మరాజా, పనికి పోతరాజా అని గొంతు పగిలేలా అరిచాను. వాడు తల వంచుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అది నా నోటి వంకే చూసి నవ్వుతూ చప్పట్లు కొట్టబోయింది. చేతులు లేవలేదు.