రెండే టచ్‌లు

గ్రౌండులో తనను మావయ్యా అని పిలవొద్దని ఫుట్‌బాల్ కోచ్ తన అక్క కూతురికి మొదటిరోజే చెప్పాడు. ఆ పిల్ల సరేనంది. అప్పట్నుంచి ఇంట్లో ఎదురుపడ్డా "సార్" అనే పిలుస్తోంది. అది మర్యాద కాదని అతనికి తెలుసు.

టీములో అందరూ ఆ అమ్మాయిని బొంగరం అంటారు. వాళ్లమ్మ కుట్టు దుకాణంలో, మిషన్ల కాళ్ల మధ్య, గుడ్డపేలికల మీద బంతి దొర్లిస్తూ పెరిగింది. బంతిని అరికాలి కింద అదిమి గిర్రున తిరిగిందంటే, ఎదుటివాళ్లు తేరుకునేలోగా అవతల తేలేది. అప్పుడప్పుడు బంతి పోయేది కూడా. కోచ్ కంటికి ఆ పోయిందే ఆనేది.

"సర్కస్ చెయ్యాలనుంటే సర్కస్‌లో చేరు," అని అందరి ముందూ కసిరాడోసారి.

"దారి దొరికింది కదా సార్, అందుకే తిరిగా."

"దారి నేను చూపిస్తా. నువ్వు నడిస్తే చాలు."

మర్నాడే కొత్త రూలు పెట్టాడు. ఎవరైనా సరే, బంతిని రెండుసార్లే తాకాలి. ఒక టచ్‌తో ఆపాలి, రెండోదానితో పాస్ ఇవ్వాలి. మూడోసారి తాకితే గ్రౌండు చుట్టూ పరుగే. ఆ రూలు ఎవరి కోసమో తెలియనంత అమాయకులెవరూ టీములో లేరు. బొంగరం పరిగెత్తింది. రోజూ పరిగెత్తింది. అతని ముందు నుంచి పోతున్నప్పుడల్లా కళ్లలోకి సూటిగా చూస్తూ పోయింది. ఉన్నట్టుండి ఒకరోజు మారిపోయింది. ఆపడం, ఇవ్వడం. అంతకుమించి కాలు కదపలేదు.

"చూశావా, దారికొచ్చింది," అన్నాడు కోచ్ దుకాణానికి వెళ్లి.

అక్క కత్తెర ఆపలేదు. "దారికొచ్చిందో పగబట్టిందో, చూసుకోరా."

సెమీఫైనల్లో అది తేలింది. స్కోరు సమానంగా ఉంది, ఆట ముగియవస్తోంది. బొంగరానికి బంతి అందింది. ఒక టచ్‌తో ఆపింది. రెండోదానితో అవతలి గోల్‌కీపర్ పక్కనుంచి తోసింది. కీపర్ బోర్లా పడింది. ఎదురుగా ఖాళీ గోలు. కాలు ఆనిస్తే చాలు. బొంగరం చేతులు వెనక్కి కట్టుకుని బంతి పక్కన నిలబడిపోయింది.

"కొట్టవే! కొట్టు!" కోచ్ గొంతు చించుకున్నాడు.

అవతలివాళ్లు బంతిని ఎగరేసుకుపోయి, అదే ఊపులో గోలు కొట్టారు.

బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ తలెత్తలేదు.

"ఎందుకు కొట్టలేదు?"

"మూడో టచ్ అవుతుంది సార్."

"కావాలనే చేశావ్."

"అవును."

అతను ఆమె జెర్సీని బెంచీ మీంచి లాగి గుమ్మం బయటికి విసిరేశాడు. బొంగరం పెదవి విరిచింది. అంతలో మూలన కూర్చున్న తమ టీము గోల్‌కీపర్ పిల్ల బావురుమంది. "మీ ఇద్దరి గొడవలో మా సంగతేంటే? మేం కూడా ఓడిపోయాం కదా!" అప్పుడు మాత్రం బొంగరం మొహం పాలిపోయింది. వెళ్లి జెర్సీ తీసుకుని, అటునుంచి అటే వెళ్లిపోయింది.

కోచ్ నిప్పులు చెరుగుతూ దుకాణానికొచ్చాడు.

"పిల్ల చేసింది తప్పే. చెడామడా తిట్టాను," అంది అక్క. "ఇప్పుడు నీ వంతు. ఆటగత్తెని చేస్తానని తీసుకెళ్లి, నీకు రానిదల్లా తప్పని నేర్పావు."

"నాకు రాదా?"

"వచ్చా? నీ ఆట నేను చూడలేదా? బంతి కాలికి తగిలితే చాలు, ఎవరికి అంటగడదామా అని వెతుక్కునేవాడివి."

అతను మిషను మీదున్న కొలతల టేపు నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు.

బొంగరం ఊరి అవతలి క్లబ్బులో చేరింది. అక్కడి కోచ్ ఒక రిటైరైన టీచరమ్మ. బంతి పోగొట్టుకున్నందుకు ఆవిడ తిట్టదట. "ఎందుకు తిరిగావ్? తిరిగే ముందు ఎవర్ని చూశావ్?" అని అడుగుతుందట. ఈ సంగతి ఎవరో చెబితే కోచ్ ముఖం చిట్లించుకున్నాడు.

మరుసటి సీజన్లో రెండు టీములూ తలపడ్డాయి. మొదటి సగంలోనే బొంగరం కోచ్ టీములోని ఇద్దరు డిఫెండర్ల మధ్య గిర్రున తిరిగి, ఖాళీగా ఉన్న తన జోడీకి బంతి అందించింది. గోలు. ఆమెకి మళ్లీ బంతి అందగానే ఆ ఇద్దరూ బంతిని వదిలేసి, ఏం చేయమంటారన్నట్టు కోచ్ వైపు చూశారు.

"నన్ను చూస్తారేం? దాన్ని పట్టుకోండి!"

తర్వాత ఒకసారి ఆమె తిరగబోయి బంతి పోగొట్టుకుంది. కోచ్ టీము అక్కణ్నుంచే గోలు కొట్టి సమం చేసింది. చివర్లో ఇంకొకటి కొట్టి గెలిచింది. ఓడిన బొంగరం వరసలో అందరితోపాటు అతనికీ చెయ్యిచ్చింది. పరాయివాళ్లకి ఇచ్చినట్టే ఇచ్చింది. టీచరమ్మ ఆమె భుజం మీద చెయ్యేసి ఏదో అడుగుతుంటే, గాల్లో చేతులు తిప్పుతూ వివరిస్తూ వెళ్లిపోయింది.

ఇటు గెలిచిన పిల్లలు కేకలు వేయలేదు, ఒకర్నొకరు కావలించుకోలేదు. వరసగా నిలబడి అతని మొహంకేసి చూస్తున్నారు.

"నిలబడ్డారేం?" అని అరిచాడు కోచ్. "గెలిచారు కదా, ఏదో ఒకటి చెయ్యండి!"

ఏం చెయ్యాలో అతను చెప్పలేదు. వాళ్లు అలాగే నిలబడ్డారు.